ఎక్కడ గుచ్చుకుంటోంది?

"థాంక్యూ ఆంటీ."

పళ్ళమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఇచ్చింది ఏమన్నా వజ్రాల హారమా అంటే అదీ కాదు, గ్లాసుడు మంచినీళ్ళు. పొద్దున్నుంచి ఇది ఎన్నోసారో లెక్కపెట్టడం కూడా మానేసింది. దువ్వెన అందిస్తే థాంక్యూ. కిటికీ తలుపు మూస్తే థాంక్యూ. తుమ్మొచ్చినప్పుడు రుమాలు ఇస్తే, ఆ తుమ్ము పూర్తయ్యీ కాకముందే థాంక్యూ.

"నీళ్ళకి థాంక్యూ ఏమిటే? కుళాయి నేను కనిపెట్టానా?" అంది.

పిల్ల బెదిరిపోయి చూసింది. "సారీ ఆంటీ" అంది.

ఇక దానికేం చెప్పాలి? పళ్ళమ్మ నెత్తి కొట్టుకుంటూ ముందుగదిలోకి వెళ్ళిపోయింది.

ఆ ముందుగదిలోనే ఆవిడ కట్టుడు పళ్ళు చేస్తుంది. వీధి వీధంతా ఆవిడని పళ్ళమ్మ అనే పిలుస్తుంది. బల్ల నిండా మైనం, సుద్ద పిండి, గులాబీ రంగు చిగుళ్ళు, వరసలు వరసలుగా పళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ గదిలో అడుగుపెట్టగానే అన్ని నోళ్ళు తమని చూసి నవ్వుతున్నాయనుకుని ఉలిక్కిపడతారు.

ఆ పనిలో ఆవిడకి ఒకే ఒక్క శత్రువు, మొహమాటం. పళ్ళ సెట్టు పెట్టుకున్న ప్రతి మనిషీ అద్దంలో చూసుకుని "అద్భుతంగా ఉందమ్మా" అని దండం పెట్టి పోతాడు. ఎక్కడో చిగురుకి గుచ్చుకుంటూనే ఉంటుంది, చెప్పడు. ఇంటికి పోయి సెట్టుని డబ్బాలో పడేసి, బోసి నోటితో జావ తాగుతూ రోజులు వెళ్ళదీస్తాడు. ఎక్కడ గుచ్చుకుంటోందో చెప్పి చస్తే, రెండు నిమిషాల్లో అరగదీసి ఇవ్వదూ!

ఆ మొహమాటం బొత్తిగా లేని మనిషి ఒక్క అత్తగారే. "కుడిపక్క ఒరుసుకుంటోందే. ఊళ్ళోవాళ్ళకి ముత్యాలు పేరుస్తావు, నాకేమో గులకరాళ్ళు అతికించావు" అని రోజుకో వంక పెడుతుంది. పళ్ళమ్మ విసుక్కుంటుంది, గొణుక్కుంటుంది, చివరికి అరగదీస్తుంది. కాకపోతే ఆ సెట్టు ఎనిమిదేళ్ళుగా ఆవిడ నోట్లోనే ఉంది, డబ్బాలో లేదు.

పిల్ల ఇంటికొచ్చి ఆరు నెలలు. తొమ్మిదేళ్ళది. పెళ్ళయిన పదిహేనేళ్ళూ మొగుడూ పెళ్ళాలిద్దరూ "మాకో బిడ్డనివ్వు ప్రభువా" అని మోకాళ్ళు అరిగేలా ప్రార్థించారు. ఒక రాత్రి బస్సు డ్యూటీ దిగొచ్చిన మొగుడు అన్నం ముందు కూర్చుని, "మనం అడిగే పద్ధతే తప్పేమో. మాకు ఇవ్వు అంటున్నాం గానీ, ఎవరికి అమ్మానాన్నల్లేరో వాళ్ళ దగ్గరికి మమ్మల్ని పంపు అని అడగలేదు. మనమేమన్నా పుట్టుకతోనే ఆయన పిల్లలమా? ఆయన చేరదీస్తేనే కదా ఆ ఇంటివాళ్ళమైంది" అన్నాడు. ఆ మాట ఆవిడ గుండెల్లో పడింది. అలా మొదలైన తిరుగుడు పిల్లల హోమ్ దాకా వెళ్ళింది.

అంతకుముందు ఎవరో ఈ పిల్లని తీసుకెళ్ళి మూడు నెలలకే వెనక్కి పంపేశారట. ఎందుకని అడిగితే, హోమ్ పెద్దావిడ "సర్దుకోలేకపోయారండీ" అని ఊరుకుంది. ఎవరు సర్దుకోలేకపోయారో చెప్పలేదు.

మరి ఈ పిల్ల సర్దుకుందా అంటే, అతిగా సర్దుకుంది. కంచం తనే కడుగుతుంది. మేజోళ్ళు తనే రోజూ సాయంత్రం ఉతికి ఆరేస్తుంది. "ఎంత బుద్ధిమంతురాలో" అని అత్తగారు మెటికలు విరుస్తుంది. పళ్ళమ్మకి మాత్రం ఇంట్లో బిడ్డ ఉన్నట్టు లేదు, చుట్టం దిగినట్టుంది. చుట్టాలైతే ఎప్పటికైనా వెళ్ళిపోతారు. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా బాధ కోపంగా బయటికొచ్చేది. "అత్తయ్యా, ఈ పిల్ల ఒక్కసారి నా మీద విసుక్కుంటే చాలు, ఆ రోజు నేను ఉపవాసం ఉండి స్తోత్రం చెబుతాను" అంది ఒకరోజు.

"విసుక్కునేవాళ్ళే కావాలంటే నేను లేనా?" అంది అత్తగారు.

దత్తత ఖాయమని కోర్టు నుంచి కాగితం వచ్చిన వారమే పాస్టరుగారు ఇంటికొచ్చారు. టీలో బిస్కెట్టుని బాగా నానబెట్టి నోట్లో పెట్టుకుంటూ, "ఈ ఆదివారం కృతజ్ఞత కూడిక పెడదామమ్మా. పాప ముందుకొచ్చి, తనకి నీడనిచ్చిన మీ ఇద్దరికీ నాలుగు మాటల్లో కృతజ్ఞత చెబితే సంఘానికంతటికీ ఆదరణగా ఉంటుంది" అన్నారు. "అన్నట్టు, మీరు చేసిన పళ్ళు అద్భుతం."

"థాంక్యూలు వద్దండీ బాబూ, వాటితోనే చస్తున్నాం" అనబోయింది పళ్ళమ్మ. మొగుడు కళ్ళతోనే ఆపాడు. పాస్టరుగారు వెళ్ళాక "పోనీలే, సంతోషంతో అడిగారు" అన్నాడు. పోనీలే అన్న మాట ఆ మనిషి నోట్లో ఊతపదం. ఆవిడ పళ్ళు నూరుకుంది, సొంతవే.

ఆదివారం వచ్చింది. బెంచీలన్నీ నిండాయి. పాస్టరుగారు పిలవగానే పిల్ల లేచి ముందుకు నడిచింది. తెల్ల గౌను, నల్ల బూట్లు. నాలుగడుగులు వేసిందో లేదో పళ్ళమ్మ కళ్ళు చికిలించింది. పిల్ల కుడికాలు ఆనిస్తూ ఆనించకుండా వేస్తోంది. చిగురు నొప్పెట్టేవాళ్ళు ఒక పక్కనే నమలడం ఎన్నేళ్ళుగానో చూస్తున్న మనిషికి ఆ నడక తెలియదా?

"నన్ను చేరదీసిన ఆంటీకి, అంకుల్‌కి..." పిల్ల మైకులో మొదలుపెట్టింది. "నాకు అన్నం పెట్టినందుకు థాంక్యూ. బట్టలు కొన్నందుకు థాంక్యూ. బూట్లు కొన్నందుకు..."

"ఆగవే!"

సంఘమంతా తల తిప్పింది. పళ్ళమ్మ చరచరా వెళ్ళి పిల్ల ముందు చతికిలబడి, బూటు లాగింది. ఊడలేదు. ఇంకాస్త గట్టిగా లాగితే మేజోడుతో సహా వచ్చింది. మడమ ఎర్రగా పుండై ఉంది. వేళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి ముడుచుకుపోయాయి. రోజూ మేజోళ్ళు ఎందుకు తనే ఉతుక్కుంటోందో ఆవిడకి అప్పుడర్థమైంది.

"ఎన్నాళ్ళ నుంచే ఇది?"

"కొన్నప్పటి నుంచి" అంది పిల్ల. "కానీ బాగున్నాయి ఆంటీ. చాలా బాగున్నాయి."

"బాగున్నాయా! బుద్ధుందా నీకు? కాలు కుళ్ళిపోయేదాకా బాగున్నాయనే అంటావా? నోరు లేదూ? బిగుతుగా ఉన్నాయని ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయింది?"

"చెబితే పంపేస్తారుగా!"

ఆ అరుపు మైకులోంచి గోడలకి కొట్టుకుంది. పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత వెక్కుతూ చెప్పింది. "అక్కడ... అన్నం మెత్తగా అయిపోయిందన్నాను. దిక్కులేకపోయినా వంకలకేం తక్కువ లేదన్నారు. ఇంకోసారి దుప్పటి గుచ్చుకుంటోందన్నాను. తర్వాత కారెక్కించేశారు."

పళ్ళమ్మకి ఏడుపొచ్చింది, దాన్ని మించిన కోపమూ వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక ఎదురుగా ఉన్న పాస్టరుగారి మీద చూపించింది.

"చూశారా అయ్యగారూ, ఈ కృతజ్ఞత సంగతి? దేవుడు మనల్ని ఇంట్లో చేర్చుకున్నప్పుడు మైకు ముందు నిలబెట్టి థాంక్యూ చెప్పించుకున్నాడా? పోనీ చేరాక మనమేం చేస్తున్నాం? మోకాళ్ళ నొప్పి ప్రభువా, పైకప్పు కారుతోంది ప్రభువా, కోడలు మాట వినట్లేదు ప్రభువా అని పొద్దస్తమానం ఆయన ప్రాణం తీయట్లేదూ? పరాయివాళ్ళ దగ్గరైతే అలా అంటామా? నాన్న కాబట్టేగా! స్తోత్రం చెప్పాలంటే ఆయనకి చెప్పుకుందాం. మా ఇంట్లో మాత్రం నా బిడ్డ నాకేమీ బాకీ లేదు!"

పాస్టరుగారు మైకు ఆపేశారు. "తప్పు నాదేనమ్మా. పసిదాన్ని అలా నిలబెట్టకూడదు" అన్నారు. తర్వాత చిన్నగా దగ్గి, "ఇంకో మాట. నా కింది పళ్ళు కూడా... ఎడమ పక్క గుచ్చుకుంటున్నాయి. రెండేళ్ళయింది" అన్నారు.

"రెండేళ్ళా!" పళ్ళమ్మ కళ్ళెర్రజేసింది. "రేపు పొద్దున్నే వచ్చి కూర్చోండి. బిస్కెట్టు నానబెట్టేటప్పుడే అనుకున్నాను."

మొగుడొచ్చి పిల్లని ఎత్తుకున్నాడు. తొమ్మిదేళ్ళ పిల్ల, బరువే. అయినా ఇంటిదాకా దించలేదు. ఆ వేళ పోనీలే అన్న మాట కూడా అనలేదు.

ఇంట్లో మడమకి మందు రాస్తూ కూడా పళ్ళమ్మ తిడుతూనే ఉంది. పిల్లని, బూట్లని, ఆరు నెలలు ఆ పాదాలు చూడని తన కళ్ళని. అత్తగారు పక్కన చేరి, "చిట్టీ, అడగందే అమ్మైనా పెట్టదే. నన్ను చూడు, నీ అమ్మ చేత ఎలా చాకిరీ చేయించుకుంటానో. వంక పెట్టడం నేను నేర్పిస్తాలే" అంది.

"మీరొక్కరు చాలడం లేదా అత్తయ్యా?"

"మరీ... పంపేయరు కదా?" పిల్ల అడిగింది.

"ఎక్కడికే పంపేది? కోర్టు కాగితంలో నా పేరుంది, నీ పేరుంది. పైన దేవుడు చూస్తున్నాడు. ఇక నువ్వు అరిచి గీపెట్టినా వదలను. కాలు కదపకు!"

మర్నాడు సాయంత్రం ముగ్గురూ చెప్పుల కొట్టుకి వెళ్ళారు. కొట్టాయన ఒక జత తెచ్చి తొడిగి, "ఎలా ఉన్నాయి పాపా?" అన్నాడు.

పిల్ల బాగున్నాయని తలూపబోయింది. పళ్ళమ్మ అలవాటుగా, బల్ల దగ్గర ప్రతివాళ్ళనీ అడిగినట్టే అడిగింది. "ఎక్కడ గుచ్చుకుంటోంది?"

పిల్ల ఆవిడ మొహంలోకి చాలాసేపు చూసింది. "బొటనవేలు" అంది, వినీ వినపడనట్టు.

రెండో జత మడమ దగ్గర వదులన్నది. మూడోదానికి పట్టీ గరుగ్గా ఉందన్నది. నాలుగోది వచ్చేసరికి గొంతు పెరిగింది. "అబ్బా, ఈ రంగేంటి, అస్సలు బాగాలేదు" అంది. చుట్టూ అట్టపెట్టెలు గుట్టపడ్డాయి. కొట్టు మూసే వేళ దాటిపోతోంది. మొగుడు ఆవులిస్తున్నాడు. పళ్ళమ్మకి నడుం పట్టేసింది.

"ఏంటమ్మా ఈ పాప!" కొట్టాయన విసుక్కున్నాడు.

"ఏం చెప్పమంటారండీ, ప్రాణం తోడేస్తోంది" అంది పళ్ళమ్మ. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే కొంగుతో అద్దుకుంది. "మా అమ్మాయికి ఏదీ ఓ పట్టాన నచ్చదు. ఇంకో జత తీయండి."