కోడలి వీపు మీద బిళ్లలు

మా కోడలు రంగేస్తే ముసలి గుర్రం కూడా పరుగు పందేనికి పేరిస్తుంది. నమ్మకపోతే నా తల చూడండి, ఈ నిగనిగ ఆ అమ్మాయి చలవే. మావాడు పొద్దున్నే బస్సు నడపడానికి పోతాడు. ఇంటి ముందుగది కోడలి సెలూన్, అందులో మూల కుర్చీ నాది. జుట్టు రంగు గిన్నెలో పోసి, బ్రష్షు పక్కన పడేసి, ఒట్టి వేళ్లతో కలుపుతుంది.

"గ్లౌజుల్లోంచి చిక్కదనం తెలిసి చావదు మామయ్యా," అంటుంది.

వచ్చినవాళ్లకు మాత్రం ముందు చెవి వెనక చుక్క పెట్టి, దురద రాలేదని తేలాకే తల ముట్టుకుంటుంది. తన చెవి వెనక ఏనాడూ పెట్టుకోలేదు.

చిన్నప్పుడు మోచేతి మడతల్లో ఉండే ఎగ్జిమా ఎప్పుడో పోయిందనుకుంది. ఈ ఏడు చేతుల మీదికి తిరిగొచ్చింది. వేళ్ల సందులు పగిలి రసి కారుతుంటే కత్తెర పట్టుకోవడమే నరకం. మొన్నొకావిడ సగం జుట్టు కత్తిరించాక లేచి నిలబడింది.

"గజ్జా అది?"

"కాదండీ, అంటదు."

"అంటదని నీకెలా తెలుసమ్మా?" అంటూ మెడకు కట్టిన గుడ్డతోనే వెళ్లిపోయింది. ఆ గుడ్డ ఇంకా రాలేదు.

చర్మం డాక్టరమ్మ కోడలి వీపు నిండా చిన్న చిన్న బిళ్లలు అతికించింది. ఒక్కోదాని కింద ఒక్కో అనుమానం. సబ్బులో వాసన, రబ్బరు, నికెలు, జుట్టుకేసే నల్లరంగు. ఏది పడకపోతే దాని కింద చర్మం ఎర్రబడుతుందట. తడపకూడదు, గోకకూడదు.

ఇంటికొచ్చి కర్ర మింగినట్టు నిటారుగా కూర్చుంది.

"దురదా?" అన్నాను.

"అడక్కండి మామయ్యా, ఎక్కువవుతుంది."

"నా నేస్తం ఒకడు దురదపుట్టి గోడకు వీపు రాశాడు. గోడ అరిగిపోయి పక్కింట్లో తేలాడు. వాళ్లు అన్నం పెట్టి మరీ పంపారు."

నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"కుడి భుజం కింద మండుతోంది. అక్కడేది అతికించారు? నల్లరంగేనా? ఈ పని తప్ప నాకింకేదీ రాదు మామయ్యా."

నల్లరంగే. డాక్టరమ్మ రాసుకున్న కాగితం మీద చూశాను, నాకు బాగా గుర్తుంది.

"సబ్బు వాసన," అన్నాను. ఇన్ని కోతలు కోసిన గొంతు ఆ ఒక్కదానికే తడబడింది.

బిళ్లలు తీసిన రోజూ, మళ్లీ రమ్మన్న రోజూ ఆ ఒక్క చోటే ఎర్రగా ఉబ్బి, నీటి పొక్కులు.

"నల్లరంగు," అంది డాక్టరమ్మ. "ఇక ముట్టుకోవద్దు. చేతులు మానాక కత్తెర పట్టుకోవచ్చు."

"గ్లౌజులేసుకుంటే?"

"పల్చటి రబ్బరువాటిని రంగు దాటుకుని వస్తుంది. మంచివి వేరే ఉన్నాయిగానీ, ఇంత పగిలిన చేతులతో ఇప్పుడు అసలొద్దు."

మర్నాడు పాత కస్టమరొకాయన రంగుకే వచ్చాడు. గిన్నెలో పామున్నట్టు కోడలు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఆ మంచి గ్లౌజులు తెప్పించి తొడుక్కుని నేనే కలిపాను. సగం గిన్నెలో ఉంది, సగం నా మీసానికంటింది. ఆమె నవ్వలేదు.

"చిక్కబడిందా మామయ్యా?"

మళ్లీ కలిపాను. గ్లౌజుల్లోంచి ఏమీ తెలియలేదు.

"బ్రహ్మాండంగా ఉంది."

గుమ్మం దగ్గర ఆమె బొటనవేలూ చూపుడువేలూ ఒట్టి గాలిని రాస్తున్నాయి.

"అబద్ధం. ఇంకా పల్చగానే ఉంది. ఇటివ్వండి, ఒక్కసారి చూస్తాను," అంటూ లోపలికొచ్చింది.

గిన్నె వీపు వెనక దాచాను. ఆ పగిలిన చెయ్యి చాచే ఉంది.