రెక్కలు రాని పురుగు

ఇంట్లో అందరూ ఆమెను పురుగులమ్మ అనేవారు. ఆ పేరు పెట్టింది అక్క మొగుడే. బావ పురపాలక సంఘంలో ఇంజినీరు. సముద్రపుటొడ్డున ఇసుక దిబ్బను చదును చేసి కార్లు నిలిపే చోటు కట్టడానికి నక్షా గీసింది కూడా ఆయనే. ఆ దిబ్బ మీద తప్ప ఇంకెక్కడా బతకని గోరంత చిమ్మట ఒకటుందని మరదలి వాదన. చూడ్డానికి బూడిదరంగు, సీతాకోకచిలుకకు పేద చుట్టం.

“ఉంటే చూపించు మరదలా, నక్షా మారుస్తాను. రేపే సంతకాలు,” అన్నాడు బావ.

“డబ్బాల్లో పెంచినవి చూపించాను కదా బావా.”

“అవి కిందటేడు ఏరిన గొంగళిపురుగులు. ఆ తర్వాత ఉప్పెన దిబ్బనంతా కడిగేసింది. ఇప్పుడున్నట్టు రుజువేదీ?”

ఆయన అన్నది న్యాయమే. అందుకే ఆమెకు ఒళ్లు మండిపోయింది. రాత్రిళ్లు దీపం పెట్టి తెల్లగుడ్డ కట్టి పట్టడం చిమ్మటలు పట్టేవాళ్ల పద్ధతి. ఆ పద్ధతిలో ఊళ్లో దోమలన్నీ వచ్చి వాలాయి గానీ ఇది మాత్రం రాలేదు. పైగా ఆమె సూదులకు గుచ్చి దాచినవన్నీ మగవే. ఆడదాని కోసం వెతకని పొద లేదు.

మర్నాడు మధ్యాహ్నం డబ్బాలో మిగిలిన ఆఖరి గూడు చీలింది. లోపలి నుంచి రెక్కలే లేని బానపొట్ట పురుగు ఒకటి దొర్లుకుంటూ బయటపడింది, కాళ్లొచ్చిన గింజలాగా. ఇలాంటివి ప్రతి ఏడూ కొన్ని వచ్చేవి. పెంపకంలో చెడిపోయాయనుకుని పారేయడం ఆమెకు పురుగుల చదువు చెప్పిన గురువు నేర్పిన అలవాటు. పారేద్దామనే మూత తీసి, డబ్బాను కిటికీ దగ్గర పెట్టి, కుర్చీలో కూలబడి ఏడ్చింది.

కిటికీ జాలీ మీద ఏదో గీరుతున్న చప్పుడైంది. బయట బూడిదరంగు చిమ్మట. దాని పక్కన ఇంకొకటి వాలింది. చూస్తుండగానే జాలీ సగం నిండిపోయింది. ఆమె డబ్బాను తీసుకెళ్లి అవతలి కిటికీలో పెట్టింది. చిమ్మటలన్నీ ఇల్లు చుట్టి అక్కడికే వచ్చాయి.

“అక్కా, బావను పిలువు. సంతకం పెట్టకుండా రమ్మను.”

బావ వచ్చి కళ్లద్దాలు తుడుచుకుని చూశాడు. “ఇవి నీ డబ్బాలోవి కావు కదా?”

“నావన్నీ సూదులకున్నాయి. వీళ్లు దిబ్బ మీది నుంచి వచ్చిన మగపెళ్లివారు. పెళ్లికూతురు ఇదిగో. దీనికి రెక్కలుండవు బావా, కూర్చున్న చోటి నుంచే వాసనతో పిలుస్తుంది. మగవి పగటిపూట తిరిగేవి, అందుకే దీపానికి రాలేదు. ఇన్నేళ్లూ పెళ్లికూతుళ్లను చెత్తలో పారేశాను నేను.” నవ్వింది ఆమె. “దిబ్బ పోతే మగవి ఎటైనా ఎగిరిపోతాయేమో. ఇదెక్కడికి పోతుంది?”

బావ బల్ల మీద నక్షా పరిచి, దిబ్బ ఉన్న మేర అడ్డంగా కొట్టేసి, పక్కన సంతకం పెట్టాడు. “సంఘం మీటింగులో వాళ్లు గోల చేస్తే ఈ డబ్బా పట్టుకెళ్తాను,” అన్నాడు.

“అప్పటికిది డబ్బాలో ఉండదు,” అంది ఆమె.

ఎండ తగ్గకముందే డబ్బా రెండు చేతులా పట్టుకుని దిబ్బకు బయల్దేరింది. మగ చిమ్మటలు తల చుట్టూ ముసురుకుంటూ వెంట వచ్చాయి. వెనక అక్క, ఆ వెనక బావ. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. ఆమె ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు, తల ఎత్తుకుని నడిచింది.

దిబ్బ మీద డబ్బా వంచింది. బానపొట్ట పురుగు ఇసుకలోకి దిగి, తన ఇంటికి తానే నడిచి వెళ్లింది.