ఐసు బాబాయ్

వేడినీళ్ళ గిన్నెను ఫ్రీజర్‌లో పెట్టి, తలుపు మూసి, అతను దానికి చెంప ఆనించి నిలబడ్డాడు. లోపల మంచు పెళ్ళలు వీడుతూ చిటచిటమంటున్నాయి. ఇంట్లో ఫ్రిజ్ పాతది. అప్పుడప్పుడూ ఇలా కరిగించకపోతే ఫ్రీజర్‌లో వేలు పెట్టడానికి కూడా చోటుండదు.

"ఊళ్ళో ఫ్రిజ్‌లన్నీ మీ చెయ్యి పడగానే బాగుపడతాయి. మనది మాత్రం మీ మొహం చూస్తేనే మొరాయిస్తుంది," అంది భార్య, కింద పాత గుడ్డలు పరుస్తూ.

"దానికి నీ పోలికొచ్చింది."

ఆమె నవ్వలేదు. "రాత్రంతా భుజం నొక్కుకుంటూనే ఉన్నారు. డాక్టరుకి చూపించుకోవచ్చుగా?"

"చూద్దాంలే," అన్నాడు. ఆ మాట అతను చాలా ఏళ్ళుగా చాలా సంగతుల గురించి అంటున్నాడు.

వయసులో ఉండగా ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోశాడు. అప్పుడు తిమ్మిరెక్కిన వేళ్ళ చివర్లు మళ్ళీ మామూలు కాలేదు. అందుకే చల్లదనం చూడాలంటే చెయ్యి పెట్టడు, చెంప పెడతాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఫ్రిజ్ పని నేర్చుకున్నాడు. వీధిలో పిల్లలు ఐసు బాబాయ్ అంటే పెద్దవాళ్ళకీ అదే నోటికొచ్చింది. కూతురి పెళ్ళికి పంచిన శుభలేఖలో అసలు పేరు చూసి, "పెళ్ళికూతురి తండ్రి ఈయనెవరు?" అని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు.

ఫోన్ మోగింది. అవతల ఒక అమ్మాయి, రొప్పుతున్నట్టు మాట్లాడుతోంది.

"బాబాయ్, మా ఫ్రీజర్ పనిచేయట్లేదు. పాలన్నీ కరిగిపోతున్నాయి."

"దానికింత కంగారెందుకమ్మా? పాలు మళ్ళీ కొనుక్కోవచ్చు."

ఆ అమ్మాయి గొంతు తగ్గించింది.

"నా పాలు బాబాయ్. పాప ఆస్పత్రిలో ఉంది."

అతను టిఫిన్ తినకుండానే సంచీ భుజాన వేసుకున్నాడు.

వాళ్ళ వాటా మూడో అంతస్తులో. మెట్ల మలుపు దగ్గర ఆగి, సంచీ కింద పెట్టి, గోడకు ఆనుకున్నాడు. చెమట కళ్ళలోకి దిగుతోంది. పైనుంచి ఎవరో తలుపు తీసిన చప్పుడు వినగానే మళ్ళీ సంచీ ఎత్తుకున్నాడు.

తలుపు తీసింది ఆ అమ్మాయి అత్తగారు. చేతిలో కూరగాయల కత్తి.

"వెనకంతా మంచు పేరుకుంది. పొడిచేద్దామని..."

"అమ్మా, ముందు ఆ కత్తి అక్కడ పెట్టండి. పాపం, అదేం తప్పు చేసింది? గ్యాసు గొట్టానికి తగిలిందంటే ఇక ఫ్రిజ్ మీద ఆశ వదులుకోవడమే."

ఆమె కత్తిని వీపు వెనక దాచుకుంది. గుమ్మం పక్కన నిలబడ్డ కోడలికి, ఏడ్చి ఉబ్బిన కళ్ళతోనే, నవ్వొచ్చింది.

అతను ముందు పాల సంగతి చూశాడు. కింది దుకాణం నుంచి ఐసు తెప్పించి, థర్మోకోల్ పెట్టెలో పరిచాడు. పాల సంచులను ఒక్కొక్కటే చెంపకు ఆనించి చూస్తూ వేరు చేశాడు. ఆ అమ్మాయి ఆస్పత్రికి ఫోన్ చేసి నర్సును అడిగింది. లోపల ఇంకా మంచు గట్టిగా ఉన్నవాటిని దాచుకోవచ్చట. పూర్తిగా కరిగినవి మళ్ళీ గడ్డకట్టించకూడదు, ఇవాళే పట్టెయ్యాలి.

కరిగినవే ఎక్కువ.

"అన్నీ ఇవాళే ఎలా తాగుతుంది బాబాయ్? ట్యూబులోంచి చుక్కలు చుక్కలుగా పోస్తారు దానికి," అంది. ఒక సంచీని రెండు చేతుల్లో పట్టుకుని అక్కడే నేలమీద కూలబడింది. అత్తగారు వచ్చి పక్కన కూర్చుని కోడలి వీపు మీద చెయ్యి వేసింది.

అతను ఫ్రిజ్ వైపు తిరిగాడు. ప్లగ్గు పీకి, ఫ్రీజర్ వెనక పలక మరలు విప్పాడు. చల్లదనాన్నిచ్చే గొట్టాల చుట్ట కనబడకుండా మంచు గోడ కట్టేసింది. చల్లగాలిని తోసే ఫ్యాను రెక్క ఆ మంచులో ఇరుక్కుపోయింది. గుడ్డను వేడినీళ్ళలో ముంచి, పిండి, అద్దుతూ కూర్చున్నాడు. నీళ్ళు పళ్ళెంలోకి బొట్టు బొట్టుగా దిగుతున్నాయి.

"పాప ఎలా ఉంది?"

"నా అరచెయ్యంత కూడా లేదు. వేలు పెడితే మాత్రం గట్టిగా పట్టుకుంటుంది."

"మా అమ్మాయి కూడా నెలలు నిండకుండానే పుట్టింది. దూదిలో చుట్టి ఇచ్చారు. ఎత్తుకుంటే నా చేతుల్లో ఉందో జారిందో తెలిసేది కాదు, వేళ్ళు మొద్దు కదా. అందుకని ఎత్తుకున్నంతసేపూ దాన్నే చూస్తుండేవాణ్ణి." గుడ్డ మళ్ళీ ముంచాడు. "ఇప్పుడు ఫోన్ చేసిందంటే మా ఇద్దరినీ దబాయించకుండా పెట్టదు."

ఆ అమ్మాయి లేచి మొహం కడుక్కుంది.

మంచు కరిగించే హీటరు బాగానే ఉంది. దానికి కరెంటు అందించే చిన్న ఫ్యూజు పోయింది. సంచీలోంచి కొత్తది తీసి వేశాడు. నీళ్ళు పోయే రంధ్రంలో అడ్డుపడ్డ చెత్తను సన్నటి గొట్టంతో ఊది వదిలించాడు. తలుపు రబ్బరు తుడిచి, సందులో కాగితం పెట్టి లాగి చూశాడు. జారలేదు, బిగువుగానే ఉంది. ప్లగ్గు పెట్టగానే ఫ్యాను ఒకసారి గునిసి, తిరగడం మొదలుపెట్టింది.

పాపకోసం పాలు పిండే వేళయిందని ఆ అమ్మాయి లోపలి గదిలోకి వెళ్ళింది. కాసేపటికి అతను గుమ్మం దగ్గర్నుంచే కేకేశాడు.

"అమ్మాయ్, అప్పుడే సర్దకు. ఊరికే తలుపు తీసి చూడకు. పెట్టెలో ఐసు తగ్గితే మళ్ళీ వెయ్యండి. సాయంత్రం వచ్చి, చల్లదనం పట్టుకుందో లేదో చూసి నేనే సర్దించి వెళ్తాను."

ఇంటికి వచ్చి రెండు ముద్దలు తిని కంచం ముందునుంచి లేచాడు. "కాసేపు నడుం వాలుస్తాను. ఎండ తగ్గాక లేపు. ఆ అమ్మాయి ఎదురుచూస్తుంటుంది," అన్నాడు భార్యతో.

లేపడానికి ఆమె వెళ్ళేసరికి అతను గోడవైపు తిరిగి ఉన్నాడు. పిలిచింది. భుజం పట్టుకుని కదిపింది. మళ్ళీ పిలవలేదు.

దీపాలు పెట్టే వేళకు అతని ఫోన్ మోగింది. భార్యే తీసింది.

"బాబాయ్ వస్తానన్నారు..."

"రారమ్మా. మధ్యాహ్నం పడుకున్నవారు పడుకున్నట్టే వెళ్ళిపోయారు."

ఫోన్‌లో వెనకనుంచి ఎవరెవరివో గొంతులు, కుర్చీలు జరుపుతున్న చప్పుడు. పెట్టెయ్యాలో వద్దో తెలియక ఆ అమ్మాయి ఫోన్ అలాగే పట్టుకుంది.

"ఉన్నావా అమ్మా? పడుకోబోయే ముందు కూడా నీ మాటే అన్నారు. ఫ్రీజర్ పట్టుకుందా?"

"చూడలేదు. ఆయన వచ్చేదాకా తియ్యొద్దన్నారు."

"తీసి చూడు."

ఫోన్ చెవికి ఆనించుకునే తలుపు తీసింది. మొహానికి చల్లగాలి కొట్టింది. ఖాళీ అరలో ఒక మూల తమ వంటింటి స్టీలు గ్లాసు ఉంది, సగానికి నీళ్ళతో. తను లోపలి గదిలో ఉండగా పెట్టి ఉంటాడు, సాయంత్రం వచ్చి చూసుకోవడానికి. గ్లాసు తీసి ఒరిపింది. ఇంకాస్త ఒరిపింది. నీళ్ళు కదల్లేదు.

"పట్టుకుంది పిన్నీ," అంది.

అవతల ఆమె "సరేనమ్మా" అని, అప్పుడు ఏడ్చింది.

అత్తాకోడళ్ళు మాట్లాడుకోకుండా ఇంకా గట్టిగా ఉన్న పాల సంచులను లోపల సర్దారు. గ్లాసును ఆ అమ్మాయి ఉన్నచోటే పెట్టింది. దాని అంచు చుట్టూ అప్పుడే తెల్లటి మంచు పొర పడుతోంది.