కఱ్ఱతలుపు బండి

ఆషాఢమేఘమాలికలు గోదావరీజలభారమున నలసిన మదగజములవలె గగనవీథిని మెల్లమెల్లగా నడచుచుండగా రాత్రి కురిసిన వానకు తడిసి కడియపులంక నర్సరీతోటలయందలి గులాబీయంట్లును మందారములును రంగురంగుల క్రోటన్లును ఆకాకునను నీటిముత్యములు దాల్చి యుదయభానుని రాకకై వేచియుండెను. అట్టి శుభసమయమున అడబాల అబ్బులను నర్సరీరైతు తన పెరటియందలి రేకులపాకలోనికి బోయి యిటుకల దిమ్మెలపై నిలిపియుంచిన పాత పికప్పు బండియెదుట మోకరిల్లి దేవునికి సాగిలపడినవానివలె దాని యడుగుభాగమును పరికించుచుండెను.

ఈ బండి సంగతి యించుక చెప్పవలసియున్నది. కాలువపనుల గుత్తదారొకడు వదలించుకొనిన దానిని అబ్బులు తండ్రి మోజుపడి కొనితెచ్చెను. గుండ్రని కన్నులవంటి దీపములును నవ్వుమొగమువంటి ముందుజాలియు విశాలమైన వెనుకతొట్టియు గల యా హరితవర్ణశకటము పెక్కేండ్లు ఆ యింటికి కామధేనువై గోదావరిమండలమున మొక్క కావలసిన ప్రతి వాకిటను నిలిచినది. అబ్బులు దానిని నడుపుచుండ ప్రక్కసీటున మొదట తండ్రియు తండ్రి గతించిన పిమ్మట బేరగాడో దారి చూపువాడో కూర్చుండెడివారు. మలుపులయందు లేతమొక్కలు ఒరిగిపోకుండ రెండుచేతులతోను పొదివి పట్టుకొనుటకై అతని యిల్లాలు వేగాయమ్మ వెనుకతొట్టిలో కూర్చుండెడిది. ఆ వృత్తియందు అదియే మర్యాద. దానిని వింతగా తలచినవాడు లేడు. ఆమెయు తలచియుండలేదు. పిదప పెద్దలారీలు వచ్చి మొక్కలను మోసుకొనిపోవ నారంభించినతోడనే బండి పాకకెక్కినది. చక్రములకు తిప్పతీగ చుట్టుకొనెను. సీటుపై కోళ్లు గ్రుడ్లు పెట్టెను. తొట్టిలో వేగాయమ్మయే కుండీలు పేర్చుకొనెను.

ఇట్లుండగా గడచిన మాఘమాసమున గోదావరి అవతలనున్న పులిదిండినుండి వేగాయమ్మ యన్న వీరభద్రయ్య కబురంపెను. శ్రావణమున క్రొత్తయిల్లు ప్రవేశింతుమనియు ఆడపడుచు ముందుగా గడప త్రొక్కవలెననియు దాని సారాంశము. నాటి సాయంకాలము భర్తకు వడ్డించుచు వేగాయమ్మ వానగుఱించి మాటాడినంత సహజముగా నొకమాట యనెను.

"ఆ బండిమీద నేను తిరగని ఊరు లేదండి. కానీ ముందు కూర్చుంటే రోడ్డెలా ఉంటదో ఇప్పటికీ ఎరగను."

ఇట్లని యామె మజ్జిగ తెచ్చుటకై లోనికి బోయినది. అబ్బులు చేయి కంచములోననే యాగిపోయెను. నిష్ఠూరమైనచో బదులు చెప్పవచ్చును. అది నిష్ఠూరము కాదు. ఆమె మరలి వచ్చునప్పటికి ఆతడు తల యెత్తకయే "మీ అన్న గృహప్రవేశానికి ముందుసీట్లో కూర్చునెళ్తావు" అనెను. ముందు ఆ బండి కదలవలెను గదా యని యామె నవ్వినది. అయినను మఱునాటి ప్రొద్దుననే తొట్టిలోని కుండీలను తానే దింపనారంభించినది.

ఆ వేసవియంతయు పెరడొక కర్మాగారమయ్యెను. ధవళేశ్వరమున మెకానిక్కుపని చేయు కాసిమను యువకుడు తీరినప్పుడెల్ల వచ్చి యంత్రమును విప్పియిచ్చుచుండ అబ్బులు ప్రతి మరను ప్రతి బోల్టును కిరసనాయిలులో కడిగి మొక్కలకు వాడు నల్లని సంచులలో వేఱువేఱుగా దాచుచుండెను. నర్సరీవాని చేతికి నర్సరీ యలవాటే వచ్చును గదా. తుప్పు గోకునప్పుడు చీడపట్టిన బెరడు గోకినట్లు సుతిమెత్తగా గోకెడివాడు. ఇంజనునకు చమురు పోయునప్పుడు మొదట కొంచెమే పోసి అది త్రాగినదో లేదో యని కాచుకొనియుండెడివాడు. జ్యేష్ఠమున నొకనాడు ఇంజను దగ్గి తుమ్మి నల్లని పొగగ్రక్కి యెట్టకేలకు గుండె నిలద్రొక్కుకొనినట్లు సమముగా మ్రోగినప్పుడు వేగాయమ్మ వంటింటినుండి గరిటెతోనే పరుగెత్తి వచ్చెను. ఇరుగుపొరుగులు గోడమీదుగా తొంగిచూచిరి. అబ్బులు మాత్రము చేయి బానెట్టుపై నుంచి దాని కంపము నరచేత నాలించుచు నిలిచియుండెను.

ఆషాఢము ప్రవేశించునప్పటికి తలుపులపని మిగిలెను. రెండింటికిని అడుగుభాగము తుప్పు తినివేసియుండెను. కాసిం ఆ భాగము కోసివైచి క్రొత్తరేకు వెల్డింగుతో నతికెను. కుడితలుపునకు తుప్పు సోకకుండ వేయు ఎఱ్ఱరంగు తొలిపూత పడినది. ఎడమతలుపునకు వెల్డింగు ముగియునప్పటికి చీకటిపడెను. కాసిం చెల్లెలి నిశ్చితార్థమునకై గుంటూరు పోవలసియుండుటచే తాను తిరిగివచ్చి దానికి పూత వేయుదుననియు అందాక దానిపై వాన పడనీయవలదనియు చెప్పి వెడలిపోయెను.

ఎడమతలుపనగా వేగాయమ్మ కూర్చుండబోవు వైపు తలుపు. దానిపై అబ్బులునకు మిక్కిలి శ్రద్ధ. ఆతడా యతుకును చూచెను. పాతది క్రొత్తది కలిసిన చోటు. తన జన్మమంతయు అట్టి చోటులనే కాపాడిన చేతులతనివి. అంటుకట్టిన చోట ఎఱ్ఱమన్నును ఆవుపేడయు కలిపి మెత్తి గోనెగుడ్డ చుట్టి యుభయసంధ్యలయందును నీరు చిలికినచో గాయము మానును. ఇంతకంటె తెలిసినదేమున్నది? కావున ఆతడు తలుపును వాన సోకకుండ పాకలో భద్రముగా పరుండబెట్టి యతుకు పొడవునను మట్టియు పేడయు దట్టముగ మెత్తి తడిగోనెలు చుట్టి తప్పక నీరు చిలుకుచు పసిబిడ్డను సాకినట్లు సాకెను. కుడితలుపునకు ఇంతటి గారాబము దక్కలేదు.

కాసిం కొన్నినాళ్లకు తిరిగివచ్చి గోనె విప్పెను. మట్టితోపాటు తలుపునడుగంతయు పెచ్చులు పెచ్చులుగా నూడి నేలరాలెను. మునుపే పలుచనైన పాతరేకు ఆ పేడచెమ్మకు జల్లెడయైపోయియుండెను. కాసిం దానిలో వ్రేలు దూర్చిచూచి సంగతి గ్రహించి నవ్వాపుకొనలేక అచ్చటనే చతికిలబడెను.

"మావిడంటు అనుకున్నారేంటండి అబ్బులుగారూ? ఇంకో నాల్రోజులాగి ఉంటే చిగురేసేదేమోనండి, ఆయ్."

అబ్బులు నవ్వలేకపోయెను. ఇకమీద రేకు అతుకుటకు గట్టి యంచైనను మిగులలేదని కాసిం నవ్వు చాలించి చెప్పెను. అట్టి బండ్లు చేయుట మాని చాలకాలమైనది. ఇరువురును రాజమహేంద్రవరమున పాతయినుముదుకాణములన్నియు గాలించిరి. అట్టి తలుపు దొరకలేదు. గృహప్రవేశము సమీపించుచుండెను. తలుపు లేని బండిలో ఆనకట్టపై గాలికి ఆమెను కూర్చుండబెట్టుటకు అబ్బులునకు మనసొప్పలేదు. తాడు కట్టుకొని కూర్చుందునని వేగాయమ్మ యన్నను ఆతడు వినలేదు. కడకు చాల తటపటాయించి ఈ యొక్కసారికి వెనుకతొట్టిలో కుర్చీ వేసి మెత్తని దిండు పఱచెదనని నేలచూపులు చూచుచు పలికెను.

వేగాయమ్మ గులాబీమడి విడిచి కదలలేదు. చేతనున్న నీటిగొట్టముతో గులాబీలకు నీరు పట్టుటయు మానలేదు. మడి చివరకు పోయి నీరాపి వచ్చి మెల్లగా ననెను.

"వెనకాలైతే నేను రానండి. బస్సుకెళ్తాను. కోపంతో అంటన్నది కాదు. ఇన్నాళ్ళూ అడగలేదు కాబట్టి కూర్చున్నాను. ఇప్పుడు అడిగేశాను కదా."

ఆ మాటలో కాఠిన్యము లేదు గాని తిరుగులేదు. భార్యకు ముందుసీటు చూపలేని బండికి మెఱుగు పెట్టి ఫలమేమని అబ్బులు ఆ పూట బండివైపే పోక తోటలో తిరుగుచుండెను. గాలివానకు కూలిన పనసచెట్టును కోయించి యటకపై నారవేసిన చెక్కలున్నవని అప్పుడు తోచినది. తన చేతులకు ఇనుము తెలియదు. ఆ సంగతి రుజువైనది. మ్రాను తెలియును. తెలిసినదానితో చేసిన నేమి?

అతడు చెక్కలు దింపి పాడైన తలుపును నేలపై పఱచి దాని వంపునకు సరిగా గీత గీసి చిత్రికపట్టి నునుపుచేసి ముక్కకు ముక్క బిగించి పసుపుపచ్చని పనసతలుపు నొకదానిని తీర్చెను. తడియున్న యే పదార్థమును ఈసారి దాని దరిచేరనీయక ఎండ కాచినప్పుడెల్ల ఆరబెట్టి అవిసెనూనె పట్టించెను. కీలు బిగించుటకు వచ్చిన కాసిం దానినటునిటు త్రిప్పిచూచెను.

"ఇనప బండికి కర్ర తలుపేంటండి? కోటేసుకుని గోచీ పెట్టినట్టుందండి."

"నీ ఇనప తలుపు పేడ తగిలితేనే చచ్చిపోయింది కదా అబ్బాయ్," అని వేగాయమ్మ ద్వారముకడనుండి బదులుపలికెను. "ఇది పనస. గాలివానకి పడింది గానీ చావలేదు. మాటలాపి మేకు కొట్టు."

కాసిం మాటలాపి కీళ్లు బిగించెను. తలుపు తొలిసారి మూయగా రేకుతలుపుల గణగణధ్వని గాక ఇంటితలుపు మూసినట్టి నిండైన చప్పుడొకటి వినవచ్చెను. కాసిం మఱల తెఱచి మఱల మూసెను. ఆ పిదప వాడు దానినిగుఱించి యెగతాళి చేయలేదు.

శ్రావణమున నొక తెలతెలవాఱు వేళ చక్రములక్రింద నిమ్మకాయలు చిట్లగా బానెట్టుపై కుంకుమ మెఱయుచుండగా పచ్చని బండి పెరడు వెడలినది. వేగాయమ్మ ముందుసీటున క్రొత్త నేతచీర సరిచేసికొని కూర్చుండెను. వేమగిరి దాటువఱకును ఆమె చూపు దారిమీదనుండి మరలలేదు. ధవళేశ్వరము ఆనకట్ట యెక్కినంతట నెఱ్ఱనీటితో నిండి సముద్రమువలె విరిసిన గోదావరి యెడమప్రక్కను కుడిప్రక్కను సాగియుండ నడుమ దారి యొక్కటి సూటిగా నెదురువచ్చుచుండెను. అబ్బులు ఎట్లున్నదని యడుగుటకు సాహసింపక కనుగొనల చూచుచుండెను.

"రోడ్డు మనమీదకొస్తందండి," అనెను వేగాయమ్మ. "వెనకాల కూర్చుంటే ఎప్పుడూ వెళ్ళిపోతానే కనపడేది."

అబ్బులు వేగము తగ్గించెను. వెనుకనుండి మోటారుసైకిళ్లు కూతలు పెట్టి దాటిపోవుచుండెను. దాటిపోనిచ్చెను.

బొబ్బర్లంక దిగి కాలువగట్టు పట్టి పులిదిండి చేరునప్పటికి వీరభద్రయ్య క్రొత్తవాకిట మామిడాకుల తోరణముక్రింద కాళ్లకు నీళ్లు పట్టుకొని నిలిచియుండెను. బంధువులు బండిచుట్టు మూగిరి. పురోహితుడు అరుగుపైనుండి ఆడపడుచు వచ్చినదా యని కేకవేసెను. అబ్బులు దిగి చుట్టివచ్చి పనసతలుపు తెఱచి పట్టుకొనెను. వేగాయమ్మ దిగలేదు. ఇంటిని చూచెను. అన్నను చూచెను. పిమ్మట ముందున్న దారిని చూచెను.

"అన్నయ్యా, ఆ చెంబక్కడెట్టు. మేం కాలువ లాకుల దాకా వెళ్ళొచ్చేస్తాం," అని భర్తవైపు తిరిగి, "ఇంకొక్కసారి తిప్పండి" అనెను.

మూగిన వారందఱును గొల్లున నవ్విరి. వీరభద్రయ్య చెంబు పట్టుకొనియే తెల్లబోయి నిలిచెను. అబ్బులు తలుపు మూసి చుట్టివచ్చి తన స్థానమున గూర్చుండి బండిని త్రిప్పెను. ముహూర్తమునకింకను వ్యవధి కలదని పురోహితుడు నవ్వుచు జెప్పెను. లేకున్నను ఆ బండి యాగియుండెడిది కాదు. మనుష్యుడు కోరినది చేతికందుట యొక సుఖము. అందినదానిని మఱియొక్కసారి యని యడుగుటకు నోరువచ్చుట దానికంటె పెద్దది. కాలువనీటిలో పచ్చని నీడ జాఱిపోవుచుండగా పనసతలుపుపై మోచేయి వాల్చి మొగమునకు గాలి పట్టించుకొనుచు వేగాయమ్మ లాకులవైపు సాగిపోవుచుండుట ఆ యూరివారు చాలదూరమువఱకు చూచిరి.