బాలమణికి చీర, మిగతావాళ్లకు బారు

"అమ్మా నీలాంబికా, ఈసారి బార్లు కాస్త మంచివి చూడు."

హనుమంతరావు సార్ ఫోన్లో ఈ మాట అనేసరికి నీలాంబిక పెనం మీద జొన్నరొట్టె వేస్తోంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని రొట్టె మీద తడిచేత్తో నీళ్లు రాసింది. పక్క గదిలో అత్త మహాదేవమ్మ పూజలో ఉంది. గొంతు తగ్గించి, "చూస్త సార్" అంది.

"పోయినేడు పెట్టావే, ఆ పాటల హోరు చోటు మాత్రం వద్దు. డీలర్లు ఒకళ్ల మాట ఒకళ్లకి వినపడక చచ్చారు. నడి సిటీలోనే ఉండాలి. డీలర్లు దిగే నాంపల్లి లాడ్జి నుంచి నడిచి వెళ్లేలా చూడు. ఆ, ఇంకోటి. బాలమణి గారికి మంచి చీర ఒకటి తియ్యి. నీ సెలక్షన్ బాగుంటుంది."

జహీరాబాద్‌లో హైవే మీద, పెద్ద ట్రాక్టర్ల ఫ్యాక్టరీ దాటాక, ట్రాక్టరు వెనక కట్టే రోటవేటర్లు, కల్టివేటర్లు చేసే చిన్న కంపెనీ ఒకటుంది. నీలాంబిక అందులో ఆఫీసు పని చేస్తుంది. హనుమంతరావు మేనేజరు. కోస్తావైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఏడాదికోసారి డీలర్లను హైదరాబాద్ తీసుకెళ్లి ఒక రాత్రి తాగించి తినిపించడం కంపెనీ ఆచారం. ఒక బారులో మొదలుపెట్టి ఇంకో చోట ముగిస్తారు. పేరుకు విందు. అసలు పనంతా ఆ బల్లల దగ్గరే జరుగుతుంది. వచ్చే ఏడు ఏ ఊళ్లు ఏ డీలరువి అన్నది రెండో గ్లాసుకల్లా తేలిపోతుంది. సోమవారం ఆఫీసుకొచ్చి నీలాంబిక దాన్ని టైపు చేస్తుంది.

బార్లు వెతికే పని తన మీద ఎట్లా పడిందో ఆమెకే సరిగా గుర్తులేదు. ఒకసారి ఎవరో ఫోన్లో చూసి చెప్పమన్నారు, చెప్పింది, బాగుందన్నారు. అంతే, ఆ పని ఆమెదైపోయింది. ఆఫీసులో చాయ్ ఎవరు తెప్పించాలి, రిటైరయ్యేవాళ్లకు శాలువా ఎవరు తేవాలి అన్నవి కూడా ఇట్లాగే ఆమెవయ్యాయి. ఒకసారి చక్కగా చేస్తే చాలు, జన్మంతా నీదే. ఇంట్లో అయితే ఆ ఒక్కసారి కూడా అక్కర్లేదు. పెళ్లిపీటల మీది నుంచి లేవగానే అన్నీ నీవే. బారు గడప తొక్కకుండానే ఏ బారులో కుర్చీలు మెత్తగా ఉంటాయో, ఎక్కడ మనిషిని తొందరపెట్టి లేపేస్తారో ఆమెకు తెలుసు. నలుగురు రాసింది చదివి, ఫొటోలు చూసి, ఫోను చేసి కనుక్కుని చెప్పేది. డీలర్లు వచ్చి, "మస్తుండె మేడమ్" అనేవాళ్లు. ఆ మాట విని మురిసిపోయిన రోజులు కూడా ఉన్నాయి. ఇప్పుడు తలచుకుంటే తనకే చిన్నతనంగా ఉంటుంది.

ఈసారి ఇంకో సంగతి ఉంది. ఊళ్లు తిరిగి డీలర్ల బాగోగులు చూసే ఫీల్డ్ ఇన్‌ఛార్జ్ రిటైరయ్యాడు. ఆ ఉద్యోగం నాకివ్వండి సార్ అని నీలాంబిక నోరు తెరిచి అడిగింది. రితేష్ కూడా అడిగాడు. అతను నిన్న మొన్న చేరిన కుర్రాడు, పని నేర్పింది ఆమే. "మీలో ఎవరితో పని సాగుతుందో డీలర్లనే అడుగుదాం. ఆ రాత్రి తేల్చేద్దాం" అన్నాడు హనుమంతరావు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఆ రాత్రి బల్ల దగ్గర రితేష్ ఉంటాడు. ఆమె ఉండదు. ఆ బల్లను మాత్రం ఆమే వెతికిపెట్టాలి.

"రేపు సిటీకి పోతున్న" అని ఆ పొద్దున భర్తతో చెప్పింది. "రాణిగంజ్‌ల సామాను తెచ్చేదుంది. అట్లనే నాంపల్లి దిక్కు బార్లు చూసొస్త."

బస్వరాజ్ రొట్టె తుంచుతూ నవ్వాడు. "బార్ల పేర్లు నోటికొచ్చిన ఆడిదాన్ని ఈ ఊర్ల నిన్నే చూస్తున్న. మొన్న మా దోస్తులకు చెప్పినవ్ గద, మంచిగుండె." అంతలోనే నవ్వు మానేశాడు. "చూసుడెందుకే? ఫోన్ల చూడు. లింగం కట్టుకున్న ఇంటి కోడలు బారు మెట్లెక్కుతదా?"

వాళ్లు లింగాయతులు, ఇంట్లో ఆడామగా అందరి మెడలోనూ లింగం ఉంటుంది. అది ఒంటి మీది నుంచి తీయకూడదు. బస్వరాజ్ మాత్రం దోస్తులతో బయటికి వెళ్లే రోజు దాన్ని దస్తీలో చుట్టి భార్య చేతిలో పెడతాడు. "అమ్మకు చెప్పకు" అంటాడు. ఆమె బీరువాలో భద్రంగా దాస్తుంది. మరునాడు స్నానం చేసి మళ్లీ వేసుకుంటాడు. రాత్రి వాడెందుకు తినలేదే అని అత్త అడిగితే కడుపు బాగలేదంటుంది నీలాంబిక. అంట్లు తోమడంలాగ ఆ అబద్ధం కూడా ఆమె చేసే పనుల్లో ఒకటి.

"మీరు ఎక్కెటప్పుడు తీసి నా చేతుల పెట్టి పోతరు గద" అంది. "నేను పెట్టుకునే పోత."

బస్వరాజ్ పూజగది వైపు భయంగా చూశాడు. "నోరు ఎక్కువైంది నీకు" అని పళ్లెం జరిపేసి లేచాడు. ఆ పళ్లెం ఆమే తీసింది.

మరునాడు రాణిగంజ్ పని అయ్యాక ఆటో ఎక్కి నాంపల్లిలో దిగింది. పట్టపగలు. ఎండ చురచురలాడుతోంది. మొదటి బారు ముందు రెండుసార్లు అటూ ఇటూ నడిచి చివరికి లోపలికి వెళ్లింది. బల్లలు తుడుస్తున్నవాడు తుడుపు ఆపి, "ఫ్యామిలీ పైన మేడమ్" అన్నాడు. పైన వరసగా పరదాలు కట్టిన చిన్నచిన్న గదులు. ఒక్కో పరదా వెనక ఒక బల్ల. గాలి లేదు. దిగి వచ్చేసింది. రెండో చోట గుమ్మంలోనే ఆపారు. "సార్ వస్తున్నారా మేడమ్?" అని అడిగారు. ఏ సారూ రావడం లేదని చెబితే ఆ మనిషి ఆమెను కాకుండా ఆమె వెనక రోడ్డును చూశాడు. ఆడవాళ్ల బాత్రూం ఏదని అడిగితే, అందరికీ ఒకటే అన్నాడు. వెళ్లి చూసింది. తలుపుకు గొళ్లెం ఊడిపోయి తాడు కట్టి ఉంది. ఇదే బారును పోయినేడు ఫోన్లో అందరూ మెచ్చుకుంటూ రాశారు. రాసినవాళ్లలో ఒక్కరికీ గొళ్లెం సంగతి పట్టలేదు. అవసరం పడితే కదా పట్టేది.

మూడోది బషీర్‌బాగ్ వెళ్లే దారిలో ఉంది. గల్లా దగ్గర ఒక అమ్మాయి నిలబడి ఉంది. నీలాంబిక అలవాటుగా, "ఫ్యామిలీ సెక్షన్ ఎటుంది?" అని అడిగింది. జహీరాబాద్‌లో చాయ్ తాగాలన్నా, ఇడ్లీ తినాలన్నా ఆ బోర్డు వెతుక్కుని దాని కిందికి వెళ్లడమే ఆమెకు తెలుసు.

"అట్లాంటిదేం లేదు మేడమ్. అంతా ఒకటే. మీకు నచ్చిన చోట కూర్చోండి."

నచ్చిన చోటు ఏదో నీలాంబికకు తోచలేదు. అంత పెద్ద హాలులో కాసేపు అట్లాగే నిలబడిపోయింది. అత్త ఉన్న చోట ఒకలాగ, మామ ఉన్నన్నాళ్లూ ఇంకోలాగ, ఆఫీసులో సార్ గది బయట మరోలాగ, ఎక్కడ ఎట్లా ఉండాలో ఎవరో ఒకరు చెబుతూనే వచ్చారు. ఏ పెళ్లికి వెళ్లినా ఆడవాళ్లు ఇటు అని చెయ్యి చూపించేవాళ్లు గుమ్మంలోనే దొరుకుతారు. ఇక్కడ చెయ్యి చూపించేవాళ్లు లేరు. చివరికి గోడవారగా ఒక బల్ల చూసుకుంది. నిమ్మకాయ సోడా, మసాలా పల్లీలు చెప్పింది. తీసుకొచ్చినవాడు ఆమె వైపు వింతగా చూడలేదు, సోడా పెట్టి వెళ్లిపోయాడు. అవతల బల్ల దగ్గర ఇద్దరు ఆడవాళ్లు ఏవో ఆఫీసు కాగితాలు ముందేసుకుని బీరు తాగుతూ వాదించుకుంటున్నారు. వాళ్లనూ ఎవరూ చూడడం లేదు. ఆమె బాత్రూంకు వెళ్లి వచ్చింది. శుభ్రంగా ఉంది. గొళ్లెం రెండుసార్లు వేసి తీసి చూసింది.

వచ్చి కూర్చుని రాయికోడ్ డీలరు బాలమణికి ఫోను చేసింది. భర్త పోయాక ఆ దుకాణం ఆమే నడుపుతోంది. ఈ ఏడు అందరికంటే ఎక్కువ అమ్మింది.

"అక్కా, సార్ మీకు చీర తీయమన్నడు. ఏ రంగుది తీయాలె?"

అవతల ట్రాక్టరు చప్పుడు మీదుగా బాలమణి గొంతు పెంచింది.

"ఎర్రది తీయి, నల్లది తీయి, ఏదైతేంది చెల్లె. నిరుడు పచ్చది పంపిన్రు. మంచిగనే ఉండె. గా చీర మడత ఇప్పకముందే నా ఊర్లు కొన్ని తీసి పక్క డీలరు సిద్దప్పకు ఇచ్చిన్రు. గిదేందయ్యా సిద్దప్పా అని అడిగితే, 'మాట్లాడుకునేనాడు నువ్వు లేకపోతివి గదక్కా' అన్నడు. పిలిస్తె గద నేనుండేది! ... ఇంతకు యాడున్నవ్ నువ్వు?"

"బార్ల ఉన్న అక్కా."

"ఏందీ?" బాలమణి గట్టిగా నవ్వింది. "ఎవలతోని?"

"ఎవలు లేరు. నేనొక్కదాన్నే. చూసి పోదామని వచ్చిన."

"ఎట్లుందే?"

నీలాంబిక చుట్టూ చూసింది. "సప్పుడు లేదు. గాలి మంచిగొస్తుంది. ఆడోళ్ల బాత్రూం వేరుగ ఉంది. గొళ్లెం పడ్తది."

"గట్లయితే నేనొస్త" అంది బాలమణి. నవ్వు లేదు ఇప్పుడు. "చీర వద్దని చెప్పు మీ సారుకు. నా ఊర్ల సంగతి నేనే మాట్లాడుకుంట. కాని నువ్వుంటవా? నేనొక్కదాన్నే గా మొగోళ్ల నడుమ ఉంటె తెల్లారి రాయికోడ్ల ఏమేం పుట్టిస్తరో నీకెరుకే. నువ్వుంటె వస్త. లేకపోతె గదే చీర పంపు, ఏ రంగైనా సరే."

ఇన్నేళ్లూ తనను పిలవలేదని లోపల కుమిలిందే గానీ, తాను లేకపోవడం వల్ల ఇంకో ఆడమనిషి కూడా రాలేకపోతోందని నీలాంబికకు ఎప్పుడూ తట్టలేదు. తాను మర్యాదగా తప్పుకుంటున్నాననుకుంది. ఆ మర్యాద ఖర్చు బాలమణి మీద పడుతోంది. "ఉంట అక్కా" అంది. పల్లీలు అన్నీ తినే లేచింది.

మరునాడు హనుమంతరావు గదిలో రితేష్ కూడా ఉన్నాడు.

"టేబులు చెప్పేశావామ్మా?"

"చెప్పిన సార్. డీలర్లందరికి. బాలమణక్కకు గూడ."

"ఆవిడకి చీర అనుకున్నాంగా?"

"చీర వద్దన్నది సార్. ఊర్ల సంగతి మాట్లాడతదంట."

హనుమంతరావు కళ్లజోడు తీశాడు. "చూడమ్మా, మగాళ్లు రెండు పడ్డాక ఏదో ఒకటి వాగుతారు. ఆడకూతురు ఎదురుగా ఉంటే ఇబ్బంది కదా."

"ఆమెకు ఇబ్బంది లేదంట సార్. వాళ్లకు ఇబ్బందైతే, వాగనీకె వేరే బారు చూస్త."

రితేష్ నవ్వబోయి సార్ మొహం చూసి ఆగిపోయాడు.

"నేను గూడ వస్తున్న సార్" అంది నీలాంబిక.

"నువ్వెందుకమ్మా? ఏర్పాట్లు ఎప్పుడూ ఫోన్లోనే చూసుకుంటావుగా."

"ఏర్పాట్లకు కాదు సార్. ఇన్‌ఛార్జ్ సంగతి ఆడనే తేలుస్తమన్నరు గద. అడిగినదాన్ని నేనుండాలె గద."

హనుమంతరావు చెడ్డమనిషి కాడు. కసురుకోలేదు, గొంతు పెంచలేదు. ఎంతో ఆప్యాయంగా, "నాదేం లేదమ్మా. ఇంట్లో ఒప్పుకుంటారా అని. మీవారిని ఒక్క మాట అడుగు. ఆయన సరేనంటే నాకేం అభ్యంతరం లేదు. రేపు చెప్పు" అన్నాడు.

రితేష్‌ను ఎవరూ ఇంట్లో అడిగి రమ్మనలేదు. బస్సులో ఆమె దాని గురించే ఆలోచించింది. ఆఫీసును అడిగితే ఇంటి మీదికి తోస్తుంది. ఇంటిని అడిగితే నలుగురి మీదికి తోస్తుంది. నలుగురిని అడుగుదామంటే వాళ్లు ఎక్కడుంటారో ఎవరికీ తెలియదు. అందరూ మంచివాళ్లే, ఎవరికీ అభ్యంతరం లేదు, అయినా పని కాదు. పెళ్లప్పటి నుంచీ తాను చేసిన పనుల్లో అన్నిటికంటే ఎక్కువ చేసింది అడగడమే. పుట్టింటికి పోనా, ఈ కూర వండనా, ఉద్యోగం చేయనా. చేసిన పనికి అలసట తెలిసేది గానీ, అడిగిన అలసట ఇన్నాళ్లూ తెలియలేదు.

ఇంటికి వచ్చేసరికి బస్వరాజ్ షిఫ్టుకు వెళ్లాడు. మహాదేవమ్మ వాకిట్లో చాట ముందేసుకుని కందికాయలు ఒలుస్తోంది. నీలాంబిక సంచీ కూడా దించలేదు.

"అత్తమ్మా, శనివారం నేను సిటీకి పోతున్న. ఆఫీసోళ్ల పార్టీ ఉంది. బార్ల."

మహాదేవమ్మ చేతిలో కాయ అట్లాగే ఆగింది. "బార్ల?"

"అవ్."

"అడుగుతున్నవా, చెప్తున్నవా?"

"చెప్తున్న."

ముసలామె కోడలిని కిందినుంచి పైదాకా చూసింది. "వాడేమంటడో."

"ఆయనకు గూడ చెప్త."

"ఎట్లొస్తవ్ మల్ల?"

"రాయికోడ్ బాలమణక్క ఉంది. ఆమె జీపుల."

"రొట్టెలెవరు జేస్తరు?"

పొద్దున్నే చేసిపెట్టి పోత అన్న మాట నీలాంబిక నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. "నాకెరుక లేదత్తమ్మా" అంది.

మహాదేవమ్మ కాయ చిట్లించి గింజలు చాటలో వేసింది. ఇంకో కాయ తీసింది. కోపమో, వింతో, నిజంగా తెలుసుకోవాలనో, ఆ మొహం చూసి చెప్పడం కష్టం.

"తాగుతవా ఆడ?"

"తాగ."

"తాగవు. ఒండేది లేదు. ఒడ్డించేది లేదు. గంత దూరం పోయి గా మొగోళ్ల నడుమ ఏం జేస్తవే మరి?"

"కూసుంట" అంది నీలాంబిక.