ఎడమకు తిరిగిన దారం

వాంగనుయ్ మ్యూజియం నుంచి రోవెనా, గాజు పని చేసే లాక్లన్ గారు ఒకే కారులో మా ఇంటికి వచ్చారు. పాపను చంకనేసుకుని తలుపు తీశాను. కిటికీలో మా అమ్మ గిన్నె ఉంది. దాని అడుగున లాక్లన్ గారి పేరు గీసి ఉంది. మ్యూజియంలో పెట్టేటప్పుడు అమ్మ పేరు రాయాలంటే, చేసింది అమ్మేనని ఆయన తన నోటితో చెప్పాలి. అందుకే పిలిచాను.

అమ్మ పేరు మావిస్. చిన్నతనంలోనే బడి మాని, పాలసీసాలు కడిగే పనిలో చేరింది. లాక్లన్ గారు కొలిమి పెట్టిన కొత్తలో పగిలిన సీసాలే కరిగించేవారు. ఆ పెంకుల బస్తాలు మోసుకెళ్ళిన అమ్మ అక్కడే ఉండిపోయి, గాజు ఊదడం నేర్చుకుంది. ఎవరు చేసినా అడుగున ఆయన పేరే పడేది. అమ్మ పోయేదాకా తన పేరు ఒక్కదాని మీదా పడలేదు.

"టీ పెట్టమంటారా?"

"టీకి రాలేదు. ఏదీ, చూపించు," అన్నారు లాక్లన్ గారు.

గిన్నెది సీసా పచ్చ. అడుగు నుంచి అంచు దాకా తెల్లని గాజు దారం చుట్టుకుని ఉంటుంది.

"ఆ దారం ఎటు తిరిగిందో చూడండి," అన్నాను రోవెనాతో. "కుడిచేతి వాళ్ళు చుడితే ఇటు రాదు. కొలిమి దగ్గర ఎడమచేతి మనిషి మా అమ్మ ఒక్కతే."

లాక్లన్ గారు నవ్వారు. "గాజు ఊదే బల్ల నా కుడిచేతికి తగ్గట్టు వేయించుకున్నా, దాని ఎడమచేతికి కాదు. అటు తిరిగి కూర్చునేది, మణికట్టు కాల్చుకునేది. కాలిన వాసనొస్తే, మావిస్ పనిలోకొచ్చింది అనుకునేవాళ్ళం."

"అయితే ఇది ఆవిడే చేసిందా?" అంది రోవెనా.

"అదే చేసింది. ఎవరు కాదన్నారు?"

పాపను నేల మీద కూర్చోబెట్టాను.

"అప్పుడే సంబరపడకమ్మాయ్," అన్నారాయన గిన్నె చేతిలోకి తీసుకుని. "నా పేరుతో అయితే రోవెనా ఇప్పుడే పట్టుకెళ్తుంది. మీ అమ్మ పేరుతో అయితే ఇది అంచు వంకరపోయిన రెండో రకం. రెండో రకాన్ని మా దగ్గర ఏం చేస్తామో తెలుసుగా? నువ్వే చెప్పు. ఎవరి గిన్నె?"

రోవెనా వైపు చూశాను. ఆమె సంచి పట్టీ సర్దుకుంటోంది.

"మా అమ్మది," అన్నాను.

ఆయన గిన్నెను ఇనప పొయ్యి అంచుకేసి కొట్టారు. కోపంగా కాదు, గుడ్డు పగలగొట్టినట్టు.

పాప ఒక ముక్క మీదికి చెయ్యి చాపింది. రెక్క పట్టి లాగేశాను. గుక్కపట్టి ఏడ్చింది. దాన్ని ఒక చేత్తో ఎత్తుకుని, రెండో చేత్తో ముక్కలన్నీ పేపరులోకి ఊడ్చాను.

"మీరూ విన్నారు కదా," అన్నాను రోవెనాతో. "పేరు రాయండి."

"దేని మీద రాయను డెల్లా? ఖాళీ అద్దాల పెట్టె మీదా?"

లాక్లన్ గారు చెయ్యి చాపారు. "ఆ పొట్లం ఇటియ్యి. మంచి గాజు, మళ్ళీ కరుగుతుంది."

నేను ఇవ్వలేదు.

"ఉంచుకుంటావా? పాకే పిల్లని పెట్టుకుని? సరే, ఉంచుకో. ఏ రోజు ఏ ముక్క నోట్లో పెట్టుకుంటుందో చూసుకుంటూ కూర్చో."

పాప నా భుజం మీద ఇంకా వెక్కుతోంది. ఆయన పొట్లం పట్టి లాగితే నా వేళ్ళు వదిలేశాయి.

"వచ్చే నెల ఇదే పచ్చలో ఒకటి చేసిస్తా," అన్నారు గుమ్మంలో రోవెనాతో.

"చాలా సంతోషం," అంది ఆమె.

కారు వెళ్ళిపోయింది. పాప కిందికి దింపమని గింజుకుంటోంది. దాన్ని అలాగే చంకన బిగించుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్క ముక్కైనా మిగిలిందేమోనని నేలంతా అరచేత్తో తడుముతూ పోయాను.