పాప నోట్లో పీక

చాచిన కాళ్ళ మీద పాపను బోర్లా పడుకోబెట్టుకుని, నూకరత్నం చెంబు వంచి వీపు మీద గోరువెచ్చటి నీళ్ళు పోసింది. రెండో చేత్తో వెన్ను వెంట కిందికి రాస్తుంటే ఎముకలు వేళ్ళకు తగిలాయి. నెల దాటిన పిల్లకి ఈపాటికి తొడల మీద మడతలు పడాలి. ఈ పిల్లకి చర్మం వదులుగా జారుతోందే గానీ మడత పడడం లేదు.

పాప నోట్లో గులాబీరంగు రబ్బరు పీక ఉంది. బుగ్గలు లోపలికి పోయేలా చప్పరిస్తోంది. అంత కష్టపడుతున్నా గొంతులోకి చుక్క దిగేది లేదు.

"ఏటమ్మా ఇది! నీళ్ళోసినప్పుడు కూడా ఈ పీకేనా?" అంది నూకరత్నం.

పాప అమ్మమ్మ సీతామహాలక్ష్మి తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది. "తీస్తే ఏడుస్తుంది. ఉండనీ."

"ఉత్తి రబ్బరు సీకి సీకి అలిసిపోతంది. ఇంక పాలేటి తాగుతాది అమ్మగారూ?"

"తాగడం కుదురుకున్నాక పీక ఇవ్వొచ్చని డాక్టరే చెప్పారు. నీకు ఎక్కువ తెలుసా, డాక్టరుకి తెలుసా?"

నూకరత్నం పళ్ళు కొరుక్కుంది. చోడవరంలో ఈ వీధుల్లో పిల్లలకి నీళ్ళు పోయడమే ఆమె బతుకు. ఈ పాప తల్లి సంయుక్తకి కూడా ఈ పెరటి గచ్చు మీదే పోసింది. నూనె పట్టించడం, తల గుండ్రంగా ఒత్తడం, సాంబ్రాణి పొగ వెయ్యడం, అన్నిటికీ ఆమె మాట వింటారు. పాల సంగతి ఎత్తితే మాత్రం ఆమె పనిమనిషి అయిపోతుంది.

ఆమె అత్తవారిది రోలుగుంట దగ్గర పల్లె. పచ్చి బాలింతగా ఉండగానే చెరకు తోటలో పనికి తోలారు. ఇంటి దగ్గర ఏడ్చే పిల్ల నోట్లో అత్త పాతచీర పేలికలో బెల్లంముక్క మూటకట్టి పెట్టేది. తోటలో నూకరత్నం రవికె తడిసి వొంటికి అంటుకుపోయేది. సాయంత్రం పరుగున వచ్చి పాలివ్వబోతే పిల్ల మొహం తిప్పేసుకునేది. కొన్నాళ్ళకి రవికె తడవడం మానేసింది. ఆ పిల్ల బతికింది, పెరిగింది, మాడుగులలో కాపురం చేసుకుంటోంది. అయినా ఆ పేలికని నూకరత్నం ఇప్పటికీ మరిచిపోలేదు. ఏ పిల్ల నోట్లో పీక చూసినా ఆమెకి అత్త చెయ్యే కనబడుతుంది.

లోపల ఫోను మోగింది. సీతామహాలక్ష్మి తువ్వాలు నూకరత్నం భుజం మీద వేసి వెళ్ళింది. పాపను తీసుకోవడానికి సంయుక్త పెరటి గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. కళ్ళ కింద నల్లగా ఉంది. నూకరత్నం పాప వొళ్ళు తుడిచి, తల్లి చేతిలో పెడుతూ, పీకను చటుక్కున లాగి నీళ్ళ పొయ్యిలోకి విసిరేసింది. రబ్బరు బుసబుసమని కాలి కమురు వాసన లేచింది.

"ఏం చేశావు రత్నమ్మా!"

"ఇప్పుడు పాలియ్యి. ఎందుకు తాగదో నానూ సూత్తాను."

పాప గుక్కపట్టింది. సంయుక్త ఇంక చేసేదిలేక రొమ్ముకి చేర్చుకుంది. పాప నోరు తగలగానే సంయుక్త కళ్ళు గట్టిగా మూసుకుని తువ్వాలు అంచు పళ్ళ మధ్య కరిచిపట్టింది. కాలివేళ్ళు గచ్చు మీద ముడుచుకుపోయాయి. కాసేపటికి పాప విడిచిపెట్టి మళ్ళీ ఏడుపు అందుకుంది. పెదవి మీద పాలతోపాటు ఎర్రటి చార ఉంది.

నూకరత్నం వంగి చూసింది. చనుమొన చీలి ఉంది.

"ఇదేటే తల్లీ! ఎప్పట్నించి?"

"మొదట్నుంచీ. గాజుపెంకుతో గీసినట్టుంటుంది." సంయుక్త తువ్వాలు అంచుతో పాప పెదవి తుడిచింది. "అమ్మకి చెప్తే, మేమంతా పడలేదా అంటుంది. పీక పెడితే కాసేపు నన్ను వదుల్తుంది రత్నమ్మా. అందుకే పెట్టాను. అదీ కాల్చేశావు."

 ఇన్నాళ్ళూ నూకరత్నం పాపను చూసింది, పీకను చూసి మండిపడింది. ఒకప్పుడు సొంతచేత్తో నీళ్ళు పోసి పెంచిన సంయుక్త మొహం వంక ఒక్కనాడు సరిగ్గా చూడలేదు.

పాప తలను అటు తిప్పి, ఇటు తిప్పి పట్టించబోయింది. సంయుక్త మోకాలి కింద పీట వేసి చూసింది. పట్టించిన ప్రతిసారీ సంయుక్త ఊపిరి బిగబట్టడం వినిపించింది. ఏదీ కుదరలేదు. నూకరత్నం చేతులు వదిలేసింది.

"నాకు సేత కాదే. ఆస్పత్రికెల్లు. పాప బరువు సూపించి వచ్చీడం కాదు, ఈ పుండు సూపించు. సిగ్గుపడకు."

సీతామహాలక్ష్మి వచ్చేసింది. పొయ్యిలోకి చూసింది. "చెప్పాపెట్టకుండా పిల్ల వస్తువు తగలబెడతావా? రేపట్నుంచి రాకు."

"తప్పే అమ్మగారూ. కానీ అమ్మాయిని ఓపాలి సూడండి..."

"వెళ్ళమన్నానా!"

"అమ్మా," అంది సంయుక్త. "ఆవిణ్ణి తర్వాత తిట్టు. ముందు ఇది చూడు." తువ్వాలు పక్కకి తీసింది.

సీతామహాలక్ష్మి చెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది. నూకరత్నం చీర కుచ్చెళ్ళు దులుపుకుని సందులోంచి బయటికి నడిచింది. ఉండమని ఎవరూ అనలేదు.

మెయిన్ రోడ్డు దాకా వచ్చేసరికి ఆటో ఒకటి దాటిపోయింది. వెనక సీట్లో తల్లీకూతుళ్ళు ఉన్నారు. సీతామహాలక్ష్మి చెయ్యి కూతురి వీపు మీద ఉంది. పాప నోట్లో ఇంకో పీక, నీలంరంగుది. నూకరత్నానికి తిట్టు గొంతు దాకా వచ్చి ఆగిపోయింది.

"పోనీలే," అని గొణుక్కుంది. "ఆస్పత్రికెల్లే వరకూ అమ్మాయికి ఊపిరాడతాది."

ఆటో చెరకు ట్రాక్టర్ల వెనక్కి పోయి కనిపించకుండా పోయింది. నూకరత్నం చెమట తుడుచుకోవడానికి చెయ్యెత్తింది. గాజుల చప్పుడు కాలేదు. మణికట్లు రెండూ బోసిగా ఉన్నాయి. రావద్దన్న ఇంటికి మళ్ళీ ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది?

పాప వొంటికి గీసుకోకుండా పొద్దున్నే తీసిపెట్టిన ఆకుపచ్చ మట్టిగాజులు, ఆ పెరటి గోడ మీద సబ్బుపెట్టె పక్కన తడిగా ఉండిపోయాయి.